ప్రోస్టేట్‌కి రేడియేషన్, మలాశయానికి జెల్: మీ ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఆరోగ్య శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా చెన్నైలో ప్రోస్టేట్ క్యాన్సర్‌కి చికిత్స చేయించుకుంటున్న కుటుంబాలవి. వాటిలో మళ్లీ మళ్లీ కనిపించిన సందేహం ఒక్కటే: రేడియేషన్‌కి ముందు వేసే జెల్ పేగుని కాపాడుతుందా, లేక దానివల్లే పేగు దెబ్బతింటుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 69 ఏళ్లు. ఐసీఎఫ్ రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. క్యాన్సర్ ప్రోస్టేట్ దాటి బయటికి రాలేదన్నారు. 20 సిటింగుల రేడియేషన్ రాశారు. దానికి ముందు ప్రోస్టేట్‌కీ మలాశయానికీ మధ్య జెల్ వేయించుకుంటే మంచిదంటున్నారు. బంధువుల్లో ఒకాయన "అది వేస్తే పేగుకి పుండు పడుతుందట, పొట్ట మీద సంచి పెడతారట" అన్నారు. అప్పట్నుంచి నాన్నగారు వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: డాక్టరు చెప్పింది నిజమే, మీ బంధువు చెప్పిందీ కల్పన కాదు. అయితే రెండోది జరిగే అవకాశం చాలా తక్కువ.

ప్రోస్టేట్ వెనకే మలాశయం, అంటే పెద్దపేగు చివరి భాగం, దాదాపు ఆనుకుని ఉంటుంది. మధ్యలో సన్నటి కొవ్వు పొర తప్ప ఏమీ ఉండదు. ప్రోస్టేట్‌ని పూర్తిగా కప్పేలా కిరణాలు వేస్తే మలాశయం ముందు గోడకి కొంత మోతాదు తప్పకుండా తగులుతుంది. ఆ సందులోకి సుమారు 10 మి.లీ. జెల్ ఎక్కిస్తే రెంటి మధ్య దాదాపు ఒక సెంటీమీటరు దూరం వస్తుంది. కిరణాల మోతాదు దూరంతోపాటు చాలా వేగంగా పడిపోతుంది కాబట్టి ఆ ఒక్క సెంటీమీటరే ఎంతో తేడా తెస్తుంది.

పాలిఇథిలీన్ గ్లైకాల్‌తో చేసిన స్పేస్ఓఏఆర్ జెల్‌ని అమెరికాలో 222 మంది మీద పరీక్షించారు. 44 సిటింగుల్లో 79.2 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) ఇచ్చిన ఆ పరీక్షలో, 70 గ్రే లేదా అంతకుమించి మోతాదు పడే మలాశయ భాగం సగటున 12.4 శాతం నుంచి 3.3 శాతానికి తగ్గింది. మూడేళ్ల తర్వాత చూస్తే మలాశయ ఇబ్బందులు జెల్ లేనివాళ్లలో 9.2 శాతం మందికి, జెల్ ఉన్నవాళ్లలో 2 శాతం మందికి వచ్చాయి. మీ నాన్నగారికి రాసిన 20 సిటింగుల పద్ధతిలో హయాలూరోనిక్ యాసిడ్ జెల్ బారిజెల్‌ని 201 మంది మీద పరీక్షించి 2023లో ప్రచురించారు. మొదటి మూడు నెలల్లో మందులు వాడాల్సినంత పేగు ఇబ్బంది జెల్ వేసినవాళ్లలో 2.9 శాతం మందికి, వేయనివాళ్లలో 13.8 శాతం మందికి వచ్చింది.

ఈ అంకెల్నే రెండోవైపు నుంచి చూడండి. జెల్ లేకపోయినా పదిమందిలో ఎనిమిది తొమ్మిదిమందికి పెద్ద ఇబ్బంది రాలేదు. అందుకే జెల్ వేయించుకోకపోతే రేడియేషన్ ఇవ్వకూడదనే మాట లేదు. ఐదు సిటింగుల్లో ఎక్కువ మోతాదు ఇచ్చే పద్ధతిలో, బ్రాకీథెరపీ (ప్రోస్టేట్ లోపలి నుంచే ఇచ్చే రేడియేషన్) కలిపి ఇచ్చేటప్పుడు, షుగరు ఉన్నవాళ్లలో, జీవితాంతం రక్తం పలచబరిచే మందులు వాడాల్సినవాళ్లలో దీనివల్ల లాభం ఎక్కువని మా అభిప్రాయం. క్యాన్సర్ ప్రోస్టేట్ వెనక వైపు నుంచి బయటికి పొడుచుకొచ్చినవాళ్లకి మాత్రం జెల్ వేయకూడదు. అలాంటివాళ్లలో జెల్ క్యాన్సర్ కణాలను వెనక్కి నెట్టి, కిరణాలు సరిగా అందని చోట నిలబెట్టే ప్రమాదం ఉంది. మలాశయం దగ్గర ఇన్ఫెక్షన్ ఉన్నా, పేగు పూత అల్సరేటివ్ కొలైటిస్ చురుగ్గా ఉన్నా, రక్తం గడ్డకట్టడంలో లోపం ఉన్నా వద్దు. అక్కడ ఇంతకుముందే రేడియేషనో ఆపరేషనో జరిగి పొరలు అతుక్కుపోయి ఉంటే చాలా ఆలోచించి చేయాలి.

ఇక పుండు ఎందుకు పడుతుందో చూద్దాం. పేషెంటుని కాళ్లు ఎత్తిపెట్టి పడుకోబెడతారు. మలద్వారంలో అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెట్టి, మలద్వారానికి కాస్త పైన, వృషణాల కింది చర్మం గుండా సన్నటి సూదిని లోపలికి పంపుతారు. సూది మొన ఆ కొవ్వు పొరలోనే ఆగాలి. అక్కడ ముందు కొద్దిగా సెలైన్ వదులుతారు. మొన సరైన చోట ఉంటే స్క్రీన్ మీద ప్రోస్టేట్ ఒకవైపు, మలాశయం గోడ ఇంకోవైపు జరిగి మధ్యలో నల్లటి ఖాళీ తెరుచుకుంటుంది. మొన మలాశయం గోడలోనే ఇరుక్కుంటే ఖాళీ తెరుచుకోదు. గోడే ఉబ్బుతుంది, సూది కదిపితే గోడ కూడా దానితో కదులుతుంది. అప్పుడు వెనక్కి తీసి మళ్లీ వెళ్లాలి. రక్తనాళంలో లేదని తెలుసుకోవడానికి సిరంజిని వెనక్కి లాగి కూడా చూస్తారు. ఆ తర్వాతే జెల్. పాలిఇథిలీన్ గ్లైకాల్ జెల్ రెండు ద్రవాలుగా వచ్చి, కలిసిన పది సెకన్లలోపే గట్టిపడుతుంది. మొదలుపెడితే మధ్యలో ఆపడానికి ఉండదు, వేసింది వెనక్కి తీయడానికీ ఉండదు. హయాలూరోనిక్ యాసిడ్ జెల్‌ని నెమ్మదిగా, ఆగి ఆగి వేయొచ్చు. తప్పు చోట పడితే హయాలూరోనిడేజ్ ఎంజైముతో కరిగించే వీలుంది.

మలాశయం గోడ మందం కొన్ని మిల్లీమీటర్లే. దాని పొరల మధ్యకి జెల్ చేరితే పైపొరకి రక్తం తెచ్చే సన్నటి నాళాలు ఒత్తుకుపోతాయి. రక్తం అందని చోట పుండు పడుతుంది. దాని మీద రేడియేషన్ కూడా పడితే పుండు మానదు, లోతుగా దిగుతుంది. అరుదుగా అది మూత్రనాళం వరకూ తొలుచుకుపోయి ఫిస్టులా, అంటే రెంటి మధ్య దారి, అవుతుంది. మీ బంధువు చెప్పిన సంచి దశ ఇదే. ఆ 222 మంది పరీక్షలో జెల్ వేసినవాళ్లలో సుమారు 6 శాతం మందికి గోడలోకి కొంత జెల్ చేరినట్టు ఎంఆర్ఐలో కనిపించింది. ఎక్కువమందిలో అది కొద్దిపాటిదే, ఏ ఇబ్బందీ కలిగించలేదు. అయితే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి వచ్చిన ఫిర్యాదుల్లో పుండ్లు, చీముగడ్డలు, ఫిస్టులాలు, కొలోస్టమీలు (మలాన్ని పొట్ట మీది సంచిలోకి మళ్లించే ఆపరేషన్లు), రక్తంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో అడ్డు పడటం కూడా ఉన్నాయి. మొత్తం ఎంతమందికి వేస్తే ఇన్ని వచ్చాయో ఆ ఫిర్యాదుల నుంచి లెక్క తేలదు. కాబట్టి వాటిని చూపించి "ఇంత శాతం" అని ఎవరైనా అంటే నమ్మకండి.

నాన్నగారితో వెళ్లినప్పుడు డాక్టరుని ఈ మాటలు అడగండి. ఇప్పటిదాకా ఈ పని ఎన్నిసార్లు చేశారు? ఏ రకం జెల్ వాడతారు? వేశాక ఎంఆర్ఐ తీసి, గోడలోకి చేరలేదని చూశాకే ప్లానింగ్ చేస్తారా? జెల్ లేకుండా ప్లాన్ వేస్తే మలాశయానికి పడే మోతాదు పరిమితి లోపల ఉంటుందా? చివరి ప్రశ్నకి "ఉంటుంది" అని జవాబొస్తే, భయపడుతున్న మనిషిని జెల్ కోసం బలవంతపెట్టాల్సిన పని లేదు.

ప్రశ్న: నాకు జెల్ వేసి ఎనిమిది రోజులైంది. కూర్చుంటే కింద ఏదో బరువుగా ఉన్నట్టుంది. దొడ్డికి వెళ్లొచ్చినా ఇంకా వెళ్లాలనిపిస్తోంది. జ్వరం లేదు, రక్తం లేదు. కంగారు పడాలా?
— ఒక పాఠకుడు, అంబత్తూరు

జవాబు: మీరు చెప్పినంత వరకే అయితే కంగారు అక్కర్లేదు. ఇంతకుముందు ఖాళీ లేని చోట ఒక పదార్థం చేరి మలాశయాన్ని వెనక్కి నొక్కుతోంది. ఆ నొక్కుడునే మెదడు మలం వచ్చినట్టు అనుకుంటుంది. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గుతుంది. దొడ్డికి వెళ్లినప్పుడు గట్టిగా ముక్కకండి. రాత్రి పడుకునే ముందు ఒక చెంచా ఇసబ్‌గోల్ పెద్ద గ్లాసు నీళ్లతో తీసుకోండి, లేదా డాక్టరు రాసిన లాక్టులోజ్ వాడండి. మెత్తటి దిండు మీద కూర్చోండి. మీ అంతట మీరు ఎనిమా గాని, మలద్వారంలో పెట్టే మాత్ర గాని వాడకండి.

నొప్పి రోజురోజుకీ తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే అదే అసలు హెచ్చరిక. దానితోపాటు 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, వణుకు, మలద్వారం నుంచి రక్తం లేదా దుర్వాసనతో చీము, మూత్రం ఆగిపోవడం, వీటిలో ఏది కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. జెల్ వేసిన రోజునో మర్నాడో ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే నేరుగా ఎమర్జెన్సీకే.

ప్రశ్న: మావారికి చెన్నైలో జెల్ వేసి ఆరు వారాలైంది. రేడియేషన్ 12 సిటింగులు అయ్యాయి. నాలుగు రోజుల సెలవులకి నెల్లూరు వచ్చాం. వారం నుంచి మలద్వారం లోపల లోతుగా నొప్పి, కూర్చోలేకపోతున్నారు. రక్తం, జిగురు పడుతున్నాయి. ఇక్కడి డాక్టరుగారు "క్యాన్సర్ పేగుకి పాకిందేమో, కొలనోస్కోపీ చేసి ముక్క తీసి పంపుదాం" అన్నారు. రేపో ఎల్లుండో చేస్తామంటున్నారు.
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: దయచేసి ముక్క తీయనివ్వకండి. మీ చెన్నై రేడియేషన్ ఆంకాలజిస్టుకి ఇవాళే ఫోన్ చేసి, నెల్లూరు డాక్టరుగారితో నేరుగా మాట్లాడించండి. ఉత్తరం అందగానే మీకు విడిగా జవాబు పంపాం. ఇదే స్థితిలో మరికొందరు ఉండొచ్చని ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ఆ డాక్టరుగారి అనుమానం అన్యాయం కాదు. ఇంకెవరికైనా మలాశయంలో పుండు కనిపిస్తే ముక్క తీయడమే పద్ధతి. కానీ ఇక్కడ మా అనుమానం జెల్ వల్ల పడిన పుండు, అది ఉండేది మలాశయం ముందు గోడ మీద. దాని అవతల జెల్ ఉంది, జెల్ అవతల ప్రోస్టేట్, మూత్రనాళం ఉన్నాయి. అలాంటి పుండు ఉంటే ఆ గోడకి అసలే రక్తం సరిగా అందదు, పైగా 12 సిటింగుల రేడియేషన్ పడింది. అక్కడ ముక్క తీస్తే ఆ గాయం మానకపోవచ్చు. మానని గాయం ఫిస్టులాకి దారి తీస్తుంది. ఆ స్థితికి తెచ్చేవాటిలో బయాప్సీ, అంటే ముక్క తీయడం, ముఖ్యమైనది, అది మన చేతుల్లో ఉన్నది కూడా. రక్తస్రావాన్ని ఆపడానికి తొందరపడి కాల్చడానికీ ఇదే వర్తిస్తుంది.

ఇది మామూలు రేడియేషన్ ఇబ్బంది కూడా కావచ్చు. రెండు మూడు వారాలు గడిచాక చాలామందికి విరేచనాలు పలచబడతాయి, అర్జెంటుగా వెళ్లాల్సొస్తుంది, జిగురు పడుతుంది. జెల్ వల్ల పడిన పుండులో సాధారణంగా నొప్పి ముందుంటుంది. అది లోతుగా, ఆగకుండా, కూర్చుంటే ఎక్కువయ్యేలా ఉంటుంది. మీవారు కూర్చోలేకపోతున్నారని మీరు రాసినందువల్లే మేం ఇంత గట్టిగా చెబుతున్నాం.

ముందు చేయాల్సింది పొత్తికడుపు కింది భాగానికి ఎంఆర్ఐ. అందులో టీ2 అనే రకం చిత్రాల్లో ఈ జెల్ తెల్లగా మెరుస్తూ కనిపిస్తుంది. ప్రోస్టేట్ వెనక నడిమధ్యలో, నున్నటి అంచులతో ఉండాల్సిన ఆ తెలుపు మలాశయం గోడలోకి నాలుకలా చొచ్చుకుపోయి కనిపిస్తే కారణం తెలిసినట్టే. రేడియాలజిస్టుకి "జెల్ స్పేసర్ ఉంది, గోడలోకి చేరిందేమో, గాలి గాని చీము గాని ఉందేమో చూడండి" అని కాగితం మీద రాసి ఇవ్వాలి. రాయకపోతే, ఈ జెల్ గురించి తెలియనివాళ్లు దాన్ని చీముగడ్డ అనుకునే వీలుంది. లోపల చూసి తీరాలంటే వంగే ట్యూబుతో, గాలి తక్కువ నింపి, ముక్క తీయకుండా చూడొచ్చు. హిమోగ్లోబిన్, తెల్లకణాలు, క్రియాటినిన్, మూత్ర పరీక్ష కూడా చేయించండి.

పుండు ఖాయమైతే రేడియేషన్‌ని ఆపి ఉంచే నిర్ణయం మీ ఆంకాలజిస్టు తీసుకుంటారు. చాలా పుండ్లు ఆపరేషన్ లేకుండానే మానుతాయి. పాలిఇథిలీన్ గ్లైకాల్ జెల్ మూడు నెలలపాటు గట్టిగా నిలిచి, ఆరు నెలల్లో ఒంట్లో కలిసిపోతుంది. హయాలూరోనిక్ యాసిడ్ అయితే ఏడాది పైనే ఉంటుంది. ఆ లోపు మలం మెత్తగా ఉంచడం, ఇన్ఫెక్షన్ ఉంటే యాంటీబయాటిక్, నొప్పికి పారాసిటమాల్, అవసరమైతే అంతకంటే బలమైనది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రక్తస్రావాన్ని పెంచుతాయి కాబట్టి వద్దు. వారాల తరబడి తగ్గకుండా లోతుగా దిగుతుంటేనో, ఫిస్టులా పడితేనో మలాన్ని పొట్ట మీది సంచిలోకి మళ్లించి, ఆ భాగానికి విశ్రాంతి ఇస్తారు.

"రేడియేషన్ ఆపితే క్యాన్సర్ పెరగదా" అని మీరు చివర్లో అడిగారు. మధ్యలో ఆపడం మంచిది కాదన్నది నిజమే. అయితే ప్రోస్టేట్ క్యాన్సర్ చాలా రకాల కంటే నెమ్మది. హార్మోన్ ఇంజెక్షన్ వేస్తూ దాన్ని అదుపులో ఉంచే మార్గముంది. పోయిన రోజులకి మోతాదుని ఎలా సర్దాలో మీ ఆసుపత్రి ఫిజిసిస్టు లెక్క వేస్తారు. మానని పుండు మీద మిగతా సిటింగులు పూర్తిచేయడంకంటే ఇదే మేలు.

జెల్ వేయించుకున్న ప్రతి ఒక్కరూ డిశ్చార్జ్ సమ్మరీ మొదటి పేజీని ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. దాని మీద జెల్ పేరు, వేసిన తేదీ, వేసిన పరిమాణం, "మలాశయం ముందు గోడ నుంచి బయాప్సీ తీయరాదు, ముందు మాకు ఫోన్ చేయండి" అన్న వాక్యం, ఆసుపత్రి నంబరు ఉండేలా రాయించుకోండి. చెన్నైలో చికిత్స చేయించుకుని నెల్లూరు, గూడూరు, చిత్తూరు వెళ్లిపోయేవాళ్లకి ఇది మరీ ముఖ్యం.

ప్రశ్న: మూత్రం పోసేటప్పుడు గాలి బుడగలు వస్తున్నాయి, చప్పుడు కూడా అవుతోంది. జెల్ వేసి మూడు నెలలు, రేడియేషన్ అయిపోయి నెల. నొప్పేమీ లేదు.
— ఒక పాఠకుడు, విల్లివాక్కం

జవాబు: నొప్పి లేదని ఆగకండి. మూత్రంలో గాలి రావడం, మూత్రంలో మలం రంగు లేదా వాసన, మలద్వారం నుంచి నీళ్లలా మూత్రం కారడం, మందులు వాడినా మూత్రంలో ఇన్ఫెక్షన్ తిరగబెట్టడం, ఇవన్నీ ఫిస్టులా లక్షణాలు. ఒకటి రెండు రోజుల్లోపే మీ యూరాలజిస్టుకీ రేడియేషన్ ఆంకాలజిస్టుకీ చూపించండి. జ్వరం ఉంటే ఇప్పుడే వెళ్లండి. ఇటీవల యూరిన్ ట్యూబు పెట్టి ఉంటే దానివల్ల కూడా గాలి చేరుతుంది కాబట్టి ఆ మాట చెప్పడం మరవకండి.

ప్రశ్న: నాకు జెల్ వేయలేదు. రెండేళ్ల కిందట రేడియేషన్ అయింది. ఇప్పుడు దొడ్డికి వెళ్లినప్పుడు ఎర్రటి రక్తం పడుతోంది. మొలలని చెప్పి దగ్గర్లోని క్లినిక్‌లో బ్యాండ్ వేస్తామంటున్నారు. వేయించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, పల్లావరం

జవాబు: ఇప్పుడే వద్దు. బ్యాండ్, ఇంజెక్షన్, క్షారసూత్రం, లేజరు, ఏదైనా సరే, రేడియేషన్ పడిన కండ మీద గాయం చేయడమే. ముందు ఆ రక్తం ఎక్కడినుంచి వస్తోందో తేలాలి. రేడియేషన్ అయిన ఆరు నెలల నుంచి మూడేళ్లలోపు వచ్చే రక్తస్రావానికి చాలాసార్లు కారణం మలాశయంలో కొత్తగా పుట్టే పలచటి రక్తనాళాలు. ముందు గోడ మీద ఎర్రటి సాలెగూడులా కనిపిస్తాయి, ముట్టుకుంటే కారతాయి. అలాగని మొలలు ఉండకూడదని లేదు, పైన పెద్దపేగులో గడ్డ ఉండకూడదనీ లేదు. కాబట్టి కొలనోస్కోపీ చేయించుకోండి. "రేడియేషన్ పడింది, ముందు గోడ నుంచి ముక్క తీయకండి" అని ముందే చెప్పండి. పై పేగులో అనుమానం ఉంటే అక్కడ తీసుకోవచ్చు.

అప్పుడప్పుడూ కొద్దిగా పడి, హిమోగ్లోబిన్ తగ్గకుండా ఉంటే మలం మెత్తగా ఉంచుకుని గమనించడం చాలు. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఎక్కువైతే మన దేశంలో తేలిగ్గా, చౌకగా దొరికే మందు సుక్రాల్‌ఫేట్ ఎనిమా. చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి వైద్యులు దీన్ని సల్ఫాసలజీన్ మాత్రలు, స్టెరాయిడ్ ఎనిమా కలిపి ఇచ్చే చికిత్సతో పోల్చి చూసి 1991లోనే ప్రచురించారు. సుక్రాల్‌ఫేట్ వాళ్లకి మెరుగ్గా పనిచేసింది. మీ డాక్టరు ఒప్పుకుంటే పద్ధతి ఇది: 10 మి.లీ.లో ఒక గ్రాము ఉండే సిరప్ 20 మి.లీ., అంటే 2 గ్రాములు, పూటకొకసారి చొప్పున రోజుకి రెండుసార్లు, నాలుగు వారాలు. సీసా మీద పేరు జాగ్రత్తగా చదవండి. మొద్దుబార్చే మందు ఆక్సిటకైన్ కలిపినవి ఎక్కువగా అమ్ముతారు, మీకు కావాల్సింది ఉత్త సుక్రాల్‌ఫేట్. సిరప్‌ని గది వేడికి తెచ్చి, సిరంజికి మెత్తటి రబ్బరు క్యాథెటర్ తగిలించి, జెల్లీ రాసి, ఎడమపక్కకి తిరిగి పడుకుని నాలుగైదు సెంటీమీటర్లే లోపలికి పంపాలి. అడ్డు తగిలితే నెట్టకూడదు. గట్టి ప్లాస్టిక్ ముక్కు ఉన్న ఎనిమా సీసాలు వాడకండి, దెబ్బతిన్న గోడకే అది గుచ్చుకుంటుంది. మందుని అరగంటైనా లోపల ఉంచగలిగితే మంచిది.

దానికీ లొంగకపోతే ఆర్గాన్ ప్లాస్మాతో కాల్చడం, ఫార్మలిన్ పూయడం, హైపర్‌బారిక్ ఆక్సిజన్ (ఎక్కువ ఒత్తిడి ఉన్న గదిలో ఆక్సిజన్ పీల్చడం) ఉన్నాయి. మొదటి రెంటినీ రేడియేషన్ పేగుల మీద అనుభవం ఉన్న గ్యాస్ట్రో ఎంటరాలజిస్టు చేతే చేయించుకోండి. ఎక్కువ కాలిస్తే పుండు పడేదీ అక్కడే.

ప్రశ్న: జెల్ వేశారు కదా, ఇంక మూత్రసంచి నింపుకోవడం, కడుపు ఖాళీ చేసుకోవడం అవసరమా? తాంబరం నుంచి రోజూ రావాలి, దారిలో ఆపుకోలేకపోతున్నాను.
— ఒక పాఠకుడు, తాంబరం

జవాబు: అవసరమే. జెల్ దూరాన్ని మాత్రమే ఇస్తుంది. మలాశయంలో గ్యాసో మలమో నిండితే ప్రోస్టేట్ జెల్‌తో సహా ముందుకి జరిగి కిరణాల గురి తప్పుతుంది. మూత్రసంచి నిండితే చిన్నపేగు పైకి తప్పుకుంటుంది. నీళ్లు ఇంట్లో తాగి బయల్దేరకండి. ఆసుపత్రికి చేరాక మూత్రం పోసి, అక్కడివాళ్లు చెప్పిన కొలత, మామూలుగా అర లీటరు, తాగి 30 నుంచి 45 నిమిషాలు ఆగండి. మెషిన్ ఆలస్యమైతే మొహమాటపడకుండా టెక్నీషియన్‌కి చెప్పండి. మళ్లీ పోసి, మళ్లీ నింపుకోవడానికి టైమిస్తారు. ఆ నెల రోజులూ శనగలు, రాజ్మా, క్యాబేజీ, సోడా తగ్గించండి. ఇడ్లీ, పెరుగన్నం, బీరకాయ, సొరకాయ హాయిగా తినొచ్చు. విరేచనాలు పట్టుకుంటే కారం, పాలు కొన్నాళ్లు ఆపి, మజ్జిగలో ఉప్పు వేసుకుని తాగండి.

ప్రశ్న: గుండెకి స్టెంటు ఉంది. రక్తం గడ్డకట్టకుండా ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నాను. జెల్ కోసం ఆపేయాలా?
— ఒక పాఠకుడు, అన్నానగర్

జవాబు: మీ అంతట మీరు ఒక్క మాత్ర కూడా ఆపకండి. స్టెంటు వేసి ఎన్నాళ్లయిందన్నదాన్ని బట్టి కార్డియాలజిస్టు రాతపూర్వకంగా చెప్పాలి. కొత్త స్టెంటు అయి ఆపడానికి వీల్లేదంటే జెల్‌నే మానుకోవడం సబబు. గుండెని పణంగా పెట్టి వేయించుకోవాల్సింది కాదది.

ప్రశ్న: నాకు పేస్‌మేకర్ ఉంది. ఎంఆర్ఐ కుదరదంటున్నారు. మరి జెల్ సరిగ్గా పడిందో లేదో ఎలా తెలుస్తుంది?
— ఒక పాఠకుడు, మైలాపూరు

జవాబు: ముందు మీ పేస్‌మేకర్ కార్డు చూపించి, అది ఎంఆర్ఐకి పనికొచ్చే రకమేమో కనుక్కోండి. ఈమధ్య వేసినవి చాలావరకు పనికొస్తాయి, కార్డియాలజీ వాళ్లు దగ్గరుండి సెట్టింగు మార్చి స్కాన్ చేయిస్తారు. వీల్లేదంటే, అయోడిన్ కలిపిన స్పేస్ఓఏఆర్ వ్యూ జెల్ గురించి అడగండి. మామూలు జెల్ సీటీలో చుట్టూ ఉన్న కండతో కలిసిపోయి సరిగా తెలియదు, ఇది మాత్రం తెల్లగా కనిపిస్తుంది. గతంలో కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కి దద్దుర్లో ఆయాసమో వచ్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. సీటీలో జెల్ ఎక్కడుందో తెలుస్తుంది గాని, గోడ పొరల్లోకి కొద్దిగా చేరితే ఎంఆర్ఐలో తెలిసినంత స్పష్టంగా తెలియదు. కాబట్టి మీ విషయంలో మొదటి కొన్ని వారాలు నొప్పి, రక్తం ఉన్నాయో లేదో ప్రతి సిటింగు దగ్గరా డాక్టరుకి చెప్పడం మామూలుకంటే ఎక్కువ అవసరం.